పాత కెమెరా మార్చాలా వద్దా? ముందు మీరు పారేసిన ఫోటోలు చూడండి

నా నికాన్ డీ700 కెమెరా కుడి భుజం మీద నల్లరంగు ఎప్పుడో పోయింది. చూపుడు వేలు ఆనే చోట లోపలి లోహం మెరుస్తూ కనిపిస్తుంది. బొటనవేలి దగ్గర రబ్బరు చెమటకి వదులైతే రెండుసార్లు అతికించాను. 2008లో వచ్చిన మోడల్. 12 మెగాపిక్సెళ్లు. లెన్స్ లేకుండానే దాదాపు కిలో బరువు. నాట్య ప్రదర్శనలు, మనుషుల ముఖాలు, నేను తీసేవి ఈ రెండే. రెండూ దీనితోనే నేర్చుకున్నాను. చీకట్లో, కన్ను వ్యూఫైండర్ నుంచి తీయకుండా, ఎడమ వేలితో ఐఎస్ఓ (వెలుతురుని కెమెరా ఎంత సున్నితంగా పట్టాలో చెప్పే అంకె) బటన్ నొక్కి పట్టుకుని, కుడి బొటనవేలితో డయల్ మూడు క్లిక్కులు తిప్పితే ఒక స్టాప్ (అంటే రెట్టింపు) పెరుగుతుందని నా చేతికే తెలుసు, నేను ఆలోచించక్కర్లేదు.

"ఇంకా ఇదేనా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యేసరికి నాకూ టెన్షన్ మొదలైంది. ఏడాది పాటు రివ్యూలు చదివాను, వీడియోలు చూశాను. ఒకరోజు కొనేద్దామనిపించేది, మర్నాడు దీన్ని చేతిలోకి తీసుకోగానే మనసు మారిపోయేది. చివరికి ఏ రివ్యూలోనూ దొరకని జవాబు నేను పారేసిన ఫోటోల్లో దొరికింది. మీరూ ఇదే సందిగ్ధంలో ఉంటే నేను చేసిన పద్ధతి చెబుతాను, చేసి చూడండి.

మూడు నెలలు ఏదీ డిలీట్ చేయకండి

బాగా రాని ఫోటోలన్నిటినీ ఒక ఫోల్డర్‌లో పడేయండి. ప్రతిదానికీ అది ఎందుకు పోయిందో ఒక్క మాటలో రాయండి: చేయి కదిలింది, మనిషి కదిలాడు, కంటి మీద ఫోకస్ లేదు, ఆలస్యంగా నొక్కాను, నాయిస్ (బొమ్మ మీద గరుకు చుక్కలు), వెలుతురు లెక్క తప్పింది. ఇంతే. ఏది ఏ కారణమో తెలియకపోతే ఫోటోని నూరు శాతానికి పెద్దది చేసి చూడండి. ఫ్రేమ్ మొత్తం ఒకే దిశలో సాగినట్టుంటే చేయి కదిలిందని అర్థం. వెనక తెర స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే కదిలిన దిశలో సాగినట్టు చెదిరితే షట్టర్ వేగం చాలలేదు. మనిషి సాగకుండా మసకగా మాత్రమే ఉండి, అతని వెనకో ముందో ఉన్న వస్తువు పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది.

నా ఫోల్డర్‌లో 186 చేరాయి. కంటి మీద ఫోకస్ తప్పినవి 58, నర్తకి కదలికకి చెదిరినవి 44, నేను ఆలస్యంగా నొక్కినవి 37, చేయి కదిలినవి 31, నాయిస్ వల్ల పోయినవి 9, ఎక్స్‌పోజర్ (వెలుతురు లెక్క) తప్పినవి 7.

ఆ 9 అన్న అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే, కొత్త కెమెరా ఎందుకని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే కారణం నాయిసే. నిజానికి ఐఎస్ఓ పెంచితే నాయిస్ పెరుగుతుందన్న భయంతో నేను 1600 దాటేదాన్ని కాదు. అందుకే షట్టర్ వేగం సెకనులో 125వ వంతు దగ్గరే ఉండిపోయేది. తిరుగుతున్న చేతిని, ఎగురుతున్న జడని ఆ వేగం ఆపలేదు. తర్వాతి ప్రదర్శనలో 6400 పెట్టాను. అదే వెలుతురులో 500వ వంతు దొరికింది. గ్రెయిన్ (అదే, ఆ నాయిస్) వచ్చింది, నిజమే. కానీ అభినయంలో కనుబొమ నిలిచింది, వేళ్లు నిలిచాయి. గ్రెయిన్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిన చేతిని తిరిగి తీసుకురాలేం. అలా ఆ 44 ఫోటోల సమస్య ఏమీ కొనకుండానే తీరింది.

కొనకుండా తీరేవి ముందు తీర్చుకోండి

మీరు రా ఫైళ్లలో తీస్తుంటే, అన్నిటికంటే ముందు పాత ఫైళ్లని ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ తెరవండి. రా ఫైల్ అంటే సెన్సర్ నమోదు చేసిన సమాచారం, దాని నుంచి బొమ్మ తయారుచేసే పద్ధతులు ఏటేటా మెరుగయ్యాయి. నేను 2011 నాటి ఒక ప్రదర్శన ఫైల్‌ని ఈమధ్య తెరిచి నాయిస్ తగ్గిస్తే, అప్పట్లో మచ్చలమయంగా వదిలేసిన నీలిరంగు తెర నున్నగా వచ్చింది. చీర అంచు నేత పోలేదు. అదే కెమెరా, అదే ఫైల్.

మెగాపిక్సెళ్ల సంగతి లెక్క వేసుకుంటే భయం పోతుంది. డీ700 బొమ్మ 4256 × 2832 పిక్సెళ్లు. అంగుళానికి 300 చొప్పున ప్రింట్ చేస్తే 14 అంగుళాల వెడల్పు, 9 అంగుళాలకి పైగా ఎత్తు. 4కే టీవీ తెర మొత్తం కలిపినా 8.3 మెగాపిక్సెళ్లే. 12 నుంచి 24కి వెళ్తే రెట్టింపు అనిపిస్తుంది గానీ, బొమ్మ వెడల్పు పెరిగేది 1.4 రెట్లే. మీరు గోడంత ప్రింట్లు వేస్తారా, పక్షుల్లాంటి దూరపు వాటిని తీసి బాగా క్రాప్ చేస్తారా? అయితే ఎక్కువ పిక్సెళ్లు నిజంగా కావాలి. లేకపోతే ఆ అంకెని పక్కన పెట్టండి.

పాత బాడీ (లెన్స్ కాకుండా కెమెరా) ఆరోగ్యం కూడా ఇప్పుడే చూసుకోండి. పగటి వెలుతురులో (ఎల్ఈడీ లైటు కింద వద్దు) తెల్లటి గోడని ఫోకస్ లేకుండా 8000వ వంతు లేదా మీ కెమెరాలో ఉన్న అత్యధిక వేగంతో పది ఫోటోలు తీయండి. ఫ్రేమ్‌లో ఒక వైపు నల్లబడుతుంటే షట్టర్ తెరలు సమానంగా నడవడం లేదని. లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఎఫ్16 దగ్గర ఖాళీ ఆకాశాన్ని తీస్తే సెన్సర్ మీద దుమ్ము చుక్కలు బయటపడతాయి. వాటికి ముందు చేత్తో నొక్కే బ్లోయర్ వాడండి, డబ్బాలో వచ్చే గాలి స్ప్రే మాత్రం లోపలికి కొట్టొద్దు. షట్టర్ కౌంట్ (షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో ఆ లెక్క) నికాన్‌లో అయితే ఫోటో ఫైల్ సమాచారంలో ఉంటుంది, ఎక్సిఫ్‌టూల్ లాంటి ఉచిత ప్రోగ్రాంలో చూడొచ్చు. డీ700 షట్టర్‌ని 1,50,000 సార్లకి పరీక్షించారు. నాది అప్పటికి 1,38,000 దాటింది. ఆ సంఖ్య రాగానే ఆగిపోతుందని కాదు, దాటినా ఏళ్ల తరబడి నడిచేవి ఉంటాయి. కాకపోతే ముఖ్యమైన పనికి ఒక్క బాడీ మీదే ఆధారపడే దశ దాటిందని గుర్తు.

మీరు ప్రేమిస్తున్నది కెమెరానా, లెన్సునా?

"ఈ పాత సెన్సర్ రంగులు కొత్తవాటిలో రావు" అని నేను చాలామందితో వాదించాను. మనస్ఫూర్తిగా నమ్మి వాదించాను. అది నిజమో కాదో తేల్చుకోవడానికి దారి ఉంది. రెండు బాడీలకీ ఒకే లెన్స్, ఒకే వెలుతురు, ఒకే వైట్ బ్యాలెన్స్. రా ఫైళ్లు ఒకే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఒకే సైజుకి తగ్గించండి. ఇంట్లో ఎవరినైనా పేర్లు మార్చి కలిపేయమనండి. ఏది ఏ కెమెరాదో మీరు గుర్తుపట్టండి. ఇరవై ఫోటోల్లో నేను సరిగ్గా చెప్పినవి పదకొండు. నాణెం ఎగరేసినా అన్ని వస్తాయి. ఆ రాత్రి నాకు బాధ కలిగింది. అయితే దానితో ఒక విషయం తేలిపోయింది: ఇన్నేళ్లూ నేను ముచ్చటపడ్డ ఆ మెత్తదనం నా 85 ఎంఎం లెన్స్‌ది.

బరువు, శబ్దం, బటన్లు ఉన్న చోటు, అద్దం గుండా కనిపించే అసలు వెలుతురు, ఇవి మాత్రం కెమెరావే. వీటి మీద ఇష్టాన్ని చిన్నచూపు చూడొద్దని నా అభిప్రాయం. చేతికి అలవాటైన పరికరంతో మనం ఎదుటి మనిషిని చూస్తాం, అలవాటు లేనిదానితో మెనూ చూస్తాం.

కొత్తది అద్దెకి తెచ్చుకోండి

ఒక వారం చాలు. గోడలు, పుస్తకాల వరసలు తీసి పోల్చొద్దు. మీరు రోజూ చేసే పనికే తీసుకెళ్లండి, మీ ఫోల్డర్‌లో ఎక్కువ పోయిన రకం ఫోటోలే తీయండి. మొదటి రెండు రోజులు తీసినవి లెక్కలోకి తీసుకోకండి, అవి చేతి తడబాటుని చూపిస్తాయి.

నా అసలు సమస్య ఆ 58. డీ700లో 51 ఫోకస్ పాయింట్లున్నా అన్నీ ఫ్రేమ్ మధ్యలో గుంపుగా ఉంటాయి. నర్తకిని నిలువునా ఫ్రేమ్ చేస్తే ముఖం ఆ గుంపు బయట పడుతుంది. మధ్య పాయింట్‌తో ముఖం మీద ఫోకస్ పట్టి, కెమెరాని కిందికి వంచి మళ్లీ ఫ్రేమ్ చేసుకోవాలి. 85 ఎంఎం లెన్స్ రంధ్రాన్ని బాగా తెరిచి, ఎఫ్1.8 దగ్గర పెట్టి రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీస్తే పదునుగా ఉండే లోతు దాదాపు ఆరు సెంటీమీటర్లు మాత్రమే. వంచినప్పుడు వచ్చే తేడా, ఈలోపు ఆమె వేసే అరడుగు, రెండూ కలిస్తే కన్ను పోయి చెవి దిద్దు పదునుగా వస్తుంది. అద్దెకి తెచ్చిన, అద్దం లేని నికాన్ జెడ్6 రెండో తరం కెమెరా ముఖం ఫ్రేమ్‌లో దాదాపు ఎక్కడున్నా కన్నుని పట్టుకుంది. ఆ వారం ఫోకస్ తప్పినవి నాలుగే. ఈ ఒక్క కారణం నాకు సరిపోయింది.

అదే వారంలో ఇంకోటి తెలిసింది. శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్‌తో స్టేజి ఎల్ఈడీ లైట్ల కింద తీస్తే ఫ్రేమ్ అడ్డంగా చారలు పడ్డాయి. మెకానికల్ షట్టర్‌కి మార్చాక పోయాయి. మీరు నిశ్శబ్దం కోసమే కొనాలనుకుంటే మీ వేదిక లైట్ల కింద ముందే పరీక్షించుకోండి.

కొనే ముందు లెక్కలో ఇవీ కలపండి

బాడీ ధర ఒక్కటే కాదు. నా 85 ఎంఎం డీ రకం లెన్స్. దాని ఫోకస్ తిప్పే మోటార్ కెమెరాలో ఉంటుంది, లెన్స్‌లో కాదు. జెడ్ కెమెరాలకి పాత లెన్సులు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ మోటార్ లేదు కాబట్టి చేత్తోనే ఫోకస్ చేయాలి. సొంత మోటారున్న ఏఎఫ్-ఎస్ రకం అయితే ఆటోఫోకస్ పనిచేస్తుంది. కెనన్ ఈఎఫ్ లెన్సుల్లో మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది కనుక అద్దం లేని కెనన్ ఆర్ఎఫ్ బాడీల మీద అడాప్టర్‌తో ఆటోఫోకస్ వస్తుంది. మీ దగ్గరున్న ఒక్కో లెన్స్ పేరు కాగితం మీద రాసి, పక్కన "పనిచేస్తుంది, చేత్తో ఫోకస్, పనిచేయదు" అని టిక్కు పెట్టుకోండి. కార్డులు, కార్డ్ రీడర్, అదనపు బ్యాటరీ సరే. మీ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ అయితే కొత్త కెమెరా రా ఫైళ్లని తెరవకపోవచ్చు, అదీ చూసుకోండి.

కొన్నాక కొత్తదాన్ని పాతదాని అలవాట్లకి వీలైనంత దగ్గరగా సెట్ చేసుకోండి. నేను వెనక బటన్‌తో ఫోకస్ చేస్తాను, మొదట అది మార్చాను. అయినా నెల రోజుల దాకా చీకట్లో నా ఎడమ వేలు ఐఎస్ఓ బటన్ కోసం వెళ్లి మోడ్ డయల్‌ని తడిమేది. ఐఎస్ఓ బటన్ ఇప్పుడు కుడివైపు, షట్టర్ పక్కన. రోజూ పది నిమిషాలు దీపం ఆర్పేసి, చూడకుండా ఐఎస్ఓ పెంచడం, తగ్గించడం సాధన చేశాను. మీరూ చేయండి, మొదటి ముఖ్యమైన పనికి ముందే.

పాతదాన్ని ఉంచుకుంటే బతికించుకోండి

స్టేజికి కొత్తది, ముఖాలకి డీ700 అని పంచుకున్నాను. ఎదురుగా మనిషి కూర్చుని మాట్లాడుతుంటే పక్క పాయింట్‌ని కంటి మీదికి జరుపుకునే తీరిక ఉంటుంది. ఆ 85 కూడా దానిమీదే ఉండిపోయింది.

ఒకసారి నాలుగు నెలలు బ్యాగులోనే వదిలేశాను. లోపలి గడియారానికి చిన్న బ్యాటరీ ఉంటుంది, అది పెద్ద బ్యాటరీ నుంచే ఛార్జ్ అవుతుంది. పూర్తిగా ఛార్జ్ అయితే దాదాపు మూడు నెలలు నిలుస్తుంది. అది దిగిపోయి తేదీ మొదటికొచ్చింది, పైన తెరలో క్లాక్ గుర్తు మెరుస్తున్నా నేను గమనించలేదు. మా అమ్మాయి ఫోటోలు వందకి పైగా తప్పు తేదీతో పడ్డాయి. ఎక్సిఫ్‌టూల్‌తో అన్నిటినీ ఒకేసారి జరిపి సరిచేసుకున్నాను.

అప్పటినుంచి నెలకోసారి బయటికి తీస్తాను. బ్యాటరీ సగం ఛార్జ్‌లో ఉంచుతాను. తోలు బ్యాగులో కాకుండా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి, లోపల చిన్న తేమ మీటర్ ఉంచాను. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే లెన్సుకి ఫంగస్ భయం ఉండదు. అన్ని షట్టర్ వేగాల్లో ఒక్కో ఫోటో, లెన్స్ రింగులు చివరిదాకా రెండుసార్లు, తేదీ సరిచూడటం. డబ్బా మూత లోపల ఒక కాగితం అతికించి తేదీ, షట్టర్ కౌంట్ రాస్తాను. చివరగా రాసిన అంకె 1,41,260.