మైన్‌క్రాఫ్ట్ ఆన్విల్ లెక్క దొరికిందిలా

మైన్‌క్రాఫ్ట్ వీడియో గేమ్‌లో ఆన్విల్ మీద (వస్తువుల్ని బాగుచేసే, కలిపే దాగలి) వజ్రపు కత్తికి ఒక్కో ఎన్‌చాంట్‌మెంట్ (మంత్రశక్తి) పుస్తకం ఎక్కిస్తూ పోయాను. ఆరోది ఎక్కేసరికే ఆ పనికి ఖర్చయ్యే లెవెల్స్ (ఆటలో సంపాదించుకున్న అనుభవం) ఊడ్చుకుపోయాయి. ఏడోది పెట్టగానే ఎర్ర అక్షరాల్లో ‘టూ ఎక్స్‌పెన్సివ్’ అని పడింది. ఏం ఏడుపొచ్చిందో! సర్వైవల్ మోడ్‌లో, అంటే అన్నీ సంపాదించుకుంటూ ఆడే ఆటలో, ఖర్చు 40 లెవెల్స్‌కి చేరితే ఆన్విల్ ఒప్పుకోదు.

తప్పు పుస్తకానిదా, కత్తిదా? చవగ్గా తేలుతుందని ఒక అరిగిన ఇనుప కత్తి పట్టుకున్నా. ఆన్విల్‌లో పెట్టి పేరులో ఒక్క అక్షరం మారిస్తే ఖర్చు చూపిస్తుంది, డబ్బులు కట్టకుండా ధర అడిగినట్టు. కొత్తలో 1. ఇనుప కడ్డీతో ఒకసారి బాగుచేశాక 2. తర్వాత 4, 8, 16, 32. పేరు మార్పుకి ఎప్పుడూ ఒకటే కాబట్టి, మిగతాది పాత పనికి జరిమానా: 0, 1, 3, 7, 15, 31. అంటే ప్రతిసారీ రెట్టింపు చేసి ఒకటి కలపడమే. ఏడోసారికి 63, ఇంకేం ఒప్పుకుంటుంది!

రెండు వస్తువులు కలిపితే రెండింటి జరిమానా కట్టాలి కానీ, వచ్చిన వస్తువు మీద పడేది ఎక్కువసార్లు ఆన్విల్ ఎక్కినదాని లెక్కకి ఇంకొక్కసారి మాత్రమే. కిటుకంతా ఇక్కడే ఉంది. ఈసారి కొత్త కత్తికి ఒక పుస్తకం ఎక్కించి, మిగతా ఆరింటినీ జంటలు కట్టాను. ఒక జంట కత్తికి. మిగిలిన రెండు జంటలు ఒకటిగా కలిపి, అదీ కత్తికి. ఏడూ ఎక్కాయి, కత్తి ఆన్విల్ ఎక్కింది మూడుసార్లే.