క్యాన్సర్ ట్రయల్: సంతకం పెట్టించే ముందు

హైదరాబాద్ ఆసుపత్రుల్లో క్యాన్సర్ ట్రయల్స్ (మందులను రోగులపై పరీక్షించే అధ్యయనాలు) నడిపే కోఆర్డినేటర్లకు, పీజీ డాక్టర్లకు ఈ సూచనలు. రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం, కొత్త మందైతే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ (సీడీఎస్‌సీఓ) అనుమతి, దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్‌ఐ రిజిస్ట్రేషన్ పూర్తికాకుండా ఒక్కరినీ చేర్చుకోకూడదన్నది మీకు తెలిసిందే. అవన్నీ సక్రమంగా ఉన్నా రోగి హక్కు ఎక్కువగా దెబ్బతినేది రోగి సమ్మతి తీసుకునే కన్సెంట్ గదిలోనే.

రోగికి తన జబ్బేమిటో తెలుసా అన్నది ముందు చూసుకోండి. కొడుకో అల్లుడో పక్కకు పిలిచి "అమ్మకు క్యాన్సర్ అని చెప్పొద్దు సార్" అనడం ఇక్కడ మామూలే. ప్రేమతోనే అంటారు. కానీ "గడ్డ ఉంది" అని మాత్రమే విన్న మనిషి క్యాన్సర్ ట్రయల్‌కు తలూపితే అది సమ్మతి కాదు. ఎంత తెలుసుకోవాలనుందో ఆమెనే అడగండి. తెలుసుకోవాలంటే చెప్పాల్సిందే. వద్దంటే ట్రయల్ ఊసెత్తకుండా మామూలు చికిత్స కొనసాగించండి. అర్థం చేసుకోగల పెద్దవాళ్ల తరఫున ఇంటివాళ్ల సంతకం చెల్లదు. వేరేవాళ్లు సంతకం పెట్టిన ఉదాహరణ మన దగ్గరే ఉంది: 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టులో చాలామంది బాలికలకు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ ప్రాజెక్టును ఆపించింది.

ట్రయల్ వివరాలు రాసి రోగికిచ్చే ఇన్ఫర్మేషన్ షీట్ తెలుగులోనూ ఉర్దూలోనూ సిద్ధంగా ఉండాలి. ఎథిక్స్ కమిటీ ఆమోదించిన వెర్షనే వాడాలి. చదివి వినిపించి ఊరుకోకండి. మందులను పోల్చి చూసే ట్రయల్ అయితే ఏ మందు వస్తుందో డాక్టర్ ఎంచరని, చీటీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుందని చెప్పండి. రక్తం 10 మిల్లీలీటర్లంటే రెండు టీస్పూన్లని, బయాప్సీ (పరీక్షకు చిన్న కణజాలం ముక్క తీయడం) ఎన్నిసార్లో, అందులో ఎన్ని కేవలం పరిశోధన కోసమో చెప్పండి. మొదటి దశ ట్రయల్ ముఖ్యంగా మనిషి ఎంత మోతాదు తట్టుకుంటాడో చూడటానికే. "కొత్త మందు" అంటే రోగికి "మెరుగైన మందు" అనే వినిపిస్తుంది, అక్కడ ఆగి సరిదిద్దండి. ఒప్పుకోకపోయినా ఆరోగ్యశ్రీ కింద వచ్చే చికిత్స ఆగదని అడక్కముందే చెప్పండి. చాలామంది లోపల భయపడేది దానికే.

తర్వాత "ఇంటికెళ్లాక మీ కోడలు అడిగితే ఈ మందు గురించి ఏం చెబుతారు?" అని అడగండి. "డాక్టర్ గారు ఏదో మంచి మందు ఇస్తారట" అన్న జవాబొస్తే మళ్లీ మొదటినుంచి చెప్పాలి. జబ్బు పేరు చెప్పిన రోజే ఫారం ముందు పెట్టకండి. కనీసం ఒక రాత్రి గడవనివ్వండి. ఆదిలాబాద్ నుంచి వచ్చినవాళ్లకైతే తర్వాతి విజిట్ దాకా ఆగడమే న్యాయం.

చదువురానివాళ్లు వేలిముద్ర వేస్తే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మాట్లాడుతున్నంతసేపూ అక్కడే ఉండాలి. చివర్లో ట్రయల్ నర్సును పిలిచి సంతకం చేయిస్తే అది సాక్ష్యం కాదు. పూర్తిగా కొత్త రసాయనం లేదా అణువుతో చేసిన మందు ట్రయల్‌లో, రోగి సులభంగా ఒత్తిడికి లొంగే స్థితిలో (వల్నరబుల్) ఉంటే, 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఆడియో-వీడియో రికార్డింగ్ తప్పనిసరి. ఫారంలో నామినీ పేరు, చిరునామా, బంధుత్వం, రోగి వృత్తి, ఆదాయం గడులు తరచూ ఖాళీగా ఉండిపోతాయి. ట్రయల్ వల్ల మరణిస్తే పరిహారం ఎవరికివ్వాలో నామినీ గడులే చెబుతాయి. జబ్బు వల్లే మరణిస్తే ఆ పరిహారం రాదనీ ముందే చెప్పాలి. నింపిన ఫారం కాపీ, షీట్ కాపీ రోగి చేతికివ్వండి.

తీవ్రమైన హాని జరిగితే ప్రధాన పరిశోధకుడు 24 గంటల్లో సీడీఎస్‌సీఓకు, ట్రయల్ చేయించే స్పాన్సర్‌కు, ఎథిక్స్ కమిటీకి తెలపాలి. ఇది తప్పేది ఎక్కువగా ఒకే కారణంతో: రాత్రి జ్వరమొస్తే రోగి ఊళ్లోని నర్సింగ్‌హోమ్‌కు వెళతాడు, అక్కడి డాక్టరుకు ట్రయల్ సంగతి తెలియదు, మీకు వారం తర్వాత తెలుస్తుంది. జేబులో పట్టే కార్డు మీద ట్రయల్ పేరు, మందు పేరు, ఎప్పుడైనా ఎత్తే ఫోన్ నంబరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అచ్చువేయించి ఇవ్వండి. కీమో తర్వాత తెల్లరక్తకణాలు బాగా పడిపోయే 7–14 రోజుల మధ్య మీరే ఫోన్ చేయండి. ట్రయల్‌లో జరిగిన హానికి వైద్యం ఉచితం. బిల్లు రోగి చేతికి వెళ్లకుండా అకౌంట్స్ విభాగానికి ముందే రాతపూర్వకంగా తెలపండి.

మిగిలిన కణజాలాన్ని దాచడానికి, జన్యు పరీక్షలకు విడిగా అనుమతి తీసుకోండి. రోగి మధ్యలో తప్పుకుంటే కారణం చెప్పమని ఒత్తిడి చేయకుండా, దాచిన నమూనాలను ఏం చేయమంటారో ఆ రోజే అడిగి ఫైల్లో రాయండి.