తోడు పోయాక ఒంటరిగా యూరప్ వెళ్లే ముందు

మా ఆయన పోయిన ఏడాదికి వియన్నా, లిస్బన్ ఒక్కదాన్నే తిరిగొచ్చాను. నాలాగే బయల్దేరే అక్కచెల్లెళ్లు ముందే చూసుకోవాల్సినవి:

• షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. దరఖాస్తు రెండు మూడు నెలల ముందే పెట్టండి.

• బీపీ మాత్రలు, నిద్రమాత్రలు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే.

• డిసెంబరు వద్దు. వియన్నాలో నాలుగింటికే చీకటి పడిపోతుంది, దిగులుగా ఉన్న మనసు ఆ చీకటిని మోయలేదు. మే నెల మేలు. ఆదివారం అక్కడ దుకాణాలు దాదాపు అన్నీ మూతే, శనివారమే బ్రెడ్డూ పెరుగూ తెచ్చుకోండి.

• ఆయన ఫొటో పర్సులో పెట్టకండి. లిస్బన్‌లో 28వ నంబరు ట్రామ్ జేబుదొంగలకు పేరుమోసింది. పోయిన డబ్బు మళ్లీ వస్తుంది, వెనక ఆయన చేత్తో తేదీ రాసిన ఆ ఫొటో రాదు. నేను చిన్న గుడ్డసంచి కుట్టుకుని మెడలో వేసుకున్నాను.

• రోజుకో గంట ఏ ప్లానూ పెట్టుకోకండి. వియన్నా సెయింట్ స్టీఫెన్స్ చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, వెనక బల్లమీద కూర్చుని తనివితీరా ఏడ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు. బయటికొచ్చాక, చాన్నాళ్లకి, ఆకలేసింది.

• పిల్లలకి రోజూ ఒకే వేళకి ఫోన్. అత్యవసరమైతే 112.