డాబా మీద పర్గోలా: స్లాబుకు ఒక్క బెజ్జం కూడా పెట్టకుండా

ఇప్పుడు పర్గోలా అంటున్నారు గానీ మనకిది పందిరే. నాలుగు కాళ్ళు, వాటి మీద దూలాలు, దూలాల మీద వరసగా వాసాలు. కప్పు ఉండదు. ఎండ చారలు చారలుగా దిగుతుంది, గాలి ఆడుతుంది, తీగ పాకుతుంది. సాయంత్రం నాలుగు కుర్చీలు వేసుకుంటే కింద హాల్లో కూర్చోబుద్ధి కాదు.

విజయవాడలో మా డాబా మీద ఒకటి, ఆ తర్వాత చుట్టాలవీ స్నేహితులవీ కలిపి మరో పది దగ్గరుండి వేయించాను. ప్రతిచోటా గొడవ ఒకే దగ్గర వచ్చింది, కాళ్ళ దగ్గర. వెల్డింగు కుర్రాడు రాగానే డ్రిల్లు మిషను తీస్తాడు. కాలికి నాలుగు బెజ్జాలు, నాలుగు కాళ్ళకు పదహారు. బోల్టులు బిగించి, చుట్టూ కాస్త సిమెంటు పూసి, సాయంత్రానికి పని అయిపోయిందంటాడు. వాన నీళ్ళు ఇంట్లోకి దిగడానికి పదహారు దారులు తెరిచి వెళ్ళాడని మీకు జులైలో గానీ తెలియదు.

చోటు, కొలత

కాగితం మీద గీసే ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కుర్చీ పట్టుకుని డాబా ఎక్కండి. నీడ ఎక్కడ కావాలో అక్కడే తెలుస్తుంది. నీళ్ళ ట్యాంకు నుంచి, వాన నీళ్ళు దిగే గొట్టం నుంచి కనీసం మూడడుగులు వదలండి. అపార్ట్‌మెంటయితే డాబా అందరిదీ కాబట్టి మిగతావాళ్ళ సమ్మతి రాతలో తీసుకోండి.

కొలత 12 అడుగులు, 10 అడుగులు. అంతకన్నా పెద్దది కావాలంటే కాళ్ళు ఆరు చేయాలి, నాలుగు కాళ్ళ మీద సాగదీయకండి. ఎత్తు 8 అడుగులు. తొమ్మిది, పది పెడితే చూడ్డానికి గొప్పగా ఉంటుంది, కానీ గాలికి ఊగుతుంది, సాయంత్రపు ఎండ పక్కనుంచి దూరుతుంది.

సామాను

అంతా జీఐ బాక్సు పైపే, అంటే జింకు పూత పూసిన నలుపలకల ఇనుప పైపు. కాళ్ళకు 3 అంగుళాల చదరం, 3 మిల్లీమీటర్ల మందం. దూలాలకు 4×2 అంగుళాలు, అదే మందం. వాసాలకు 3×1½, కాస్త పలచనిది చాలు. కాళ్ళ కింద 8 అంగుళాల చదరపు ప్లేట్లు, 10 మిల్లీమీటర్లవి. ఫౌండేషన్ బోల్టులు 16, సిమెంటు, ఇసుక, 20 ఎం.ఎం. కంకర, కొంచెం 10 ఎం.ఎం. చువ్వ. ఇనుమంతా కలిపి నాలుగు వందల కిలోల దరిదాపుల్లో వస్తుంది.

టేకు ఎందుకు వద్దంటానంటే, మన ఎండకూ వానకూ నాలుగేళ్ళలో నెరలు విచ్చుతుంది, ఏటా నూనె పట్టించే ఓపిక ఎవరికీ ఉండదు. వెదురు, సరుగుడు బాదులు రెండేళ్ళకు మార్చుకోవాలి. పెరట్లో నేల మీదయితే నేనూ సరుగుడే వేస్తాను, డాబా మీద మాత్రం వేయను.

కాళ్ళు

ఇక్కడ నిదానంగా చదవండి. మిగతా పనిలో తప్పు చేస్తే దిద్దుకోవచ్చు. ఇక్కడ చేస్తే ఇల్లు పాడవుతుంది.

మీ డాబా పైనుంచి కిందికి ఒక్క ముద్ద కాదు. పైన టైలో, గచ్చో ఉంటుంది. దాని కింద నీళ్ళు వాలడానికి వేసిన కాంక్రీటు, రెండు మూడు అంగుళాలు. ఆ కింద అసలు స్లాబు, మామూలు ఇళ్ళలో నాలుగున్నర, అయిదు అంగుళాలు. మూడున్నర అంగుళాల బోల్టు పైనుంచి కొడితే సగానికి పైగా ఆ వాలు కాంక్రీటులోనే ఆగుతుంది. అందులో పట్టు లేదు. పొడుగు బోల్టు కొడితే స్లాబులోకి దిగుతుంది గానీ, వాటర్‌ప్రూఫింగు పొర తెగుతుంది, చువ్వ తగిలితే దానికి తుప్పు మొదలవుతుంది.

నా మొదటి పందిరి అలాగే వేయించాను. వానాకాలంలో దేవుడి గది సీలింగు మీద అరచేతంత తడి మచ్చ కనిపించింది. బోల్టు సరిగ్గా దాని మీద ఉంటుందనుకుని పైన వెతికాను. లేదు. నీళ్ళు స్లాబుకూ వాలు కాంక్రీటుకూ మధ్య పాకి, ఆరడుగుల అవతల దిగాయి. పదహారు బెజ్జాల్లో ఏది కారుతోందో తేల్చలేక చివరికి పందిరి ఊడదీసి, ఆ పక్కంతా గచ్చు తవ్వించి మళ్ళీ వేయించాల్సి వచ్చింది. పందిరికి అయిన ఖర్చు కన్నా దానికే ఎక్కువైంది.

రెండో సంగతి గాలి. పందిరి బరువు స్లాబు మోస్తుందా అని అందరూ అడుగుతారు. గాలికి లేవకుండా ఏం పట్టుకుంటుందని అడిగేవాళ్ళు తక్కువ. లెక్క చూడండి. గంటకు 90 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 38 కిలోల ఒత్తిడి పెడుతుంది. వేసవి గాలివానకే అంత రావచ్చు. వట్టి వాసాల మధ్య నుంచయితే గాలి దాటిపోతుంది. అదే పందిరి మీద ఫైబరు షీటు పరిచారనుకోండి, 120 చదరపు అడుగులు అంటే సుమారు 11 చదరపు మీటర్లు, నాలుగు వందల కిలోల పైచిలుకు బలం దాన్ని పైకి లాగుతుంది. గాలి వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగింతలు. గాలి విషయంలో కట్టడాలకు మన దేశ ప్రమాణం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విజయవాడకూ విశాఖపట్నానికీ 50 మీటర్లు లెక్కలోకి తీసుకోమంటుంది. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఆ అంకె ఊరికే రాయలేదని కోస్తాలో అందరికీ అర్థమైంది.

మా వీధి చివర ఒకాయన కాళ్ళు రెండు డాబా మీద, రెండు పిట్టగోడ మీద పెట్టించి పైన షీటు పరిచాడు. ఒక మే నెల గాలివానకు పందిరి లేచింది, పిట్టగోడ ఇటుకల్ని కూడా లాక్కుపోయి వీధిలో పడేసింది. మామూలుగా ఆ వేళకు పిల్లలు అక్కడ సైకిళ్ళు తొక్కుతుంటారు. పిట్టగోడ నాలుగున్నర అంగుళాల ఇటుక వరస. అది మనిషి పడకుండా ఆపడానికి, పందిరి మోయడానికి కాదు. దాని మీద కాలు పెట్టకండి, దానికి దూలం ఆనించకండి.

మరి కాళ్ళు ఎక్కడ పెట్టాలి? పైన ఇంకో అంతస్తు వేద్దామని పిల్లర్ల చువ్వలు డాబా మీదికి వదిలి ఉంటే మీ అదృష్టం. ఆ చువ్వల్ని కలుపుకుని దిమ్మె కట్టండి, ఇక తిరుగులేదు. లేకపోతే స్లాబును ముట్టుకోకుండా, దాని మీద బరువైన కాంక్రీటు దిమ్మెలు పోయాలి. ఒకటిన్నర అడుగు చదరం, అడుగు ఎత్తు. ఒక్కో దిమ్మె 150 కిలోలు తూగుతుంది. నాలుగు దిమ్మెలూ, పైన ఇనుమూ కలిపితే టన్ను. వాసాలు మాత్రమే ఉన్న పందిరికి ఈ బరువు సరిపోతుంది. షీటు వేస్తే సరిపోదు. అందుకే షీటు వేయొద్దంటాను. షీటు కావాలనుకుంటే అది పందిరి కాదు, షెడ్డు. దానికి ఇంజినీరును పిలవండి.

ఇంత బరువు స్లాబు నడుమ పెట్టకూడదు. పిల్లరు మీదో, బీము మీదో పడాలి. బీము పైనుంచి కనిపించదు కాబట్టి కింది గదిలో కొలవాలి. బయటి గోడ వెలుపలి అంచు నుంచి బీము నడిమికి ఎంత దూరమో కిటికీలోంచి టేపు పెట్టి తీసుకోండి. డాబా మీద అదే గోడ వెలుపలి అంచు నుంచి అంతే దూరం కొలిచి సుద్దతో గీయండి. పిట్టగోడ లోపలి అంచు నుంచి కొలిస్తే అయిదారు అంగుళాలు తప్పు వస్తుంది, నేను చూశాను. ఇద్దరు విడివిడిగా కొలవండి, అంకెలు కలిస్తేనే ముందుకు పోండి. బీములు ఎక్కడ దొరికితే పందిరి కొలత దాన్ని బట్టి అటూ ఇటూ అరడుగు మారనివ్వండి. ముప్ఫై నలభై ఏళ్ళ నాటి ఇల్లయి, సీలింగులో పెచ్చులు ఊడుతుంటే అసలు ఈ పని పెట్టుకోకండి.

గుర్తు పెట్టిన చోట డాబా శుభ్రంగా కడిగి, ఆరాక మందపాటి తారు షీటు ముక్క పరవండి. దాని మీద చెక్క పెట్టె నిలబెట్టి, లోపల చువ్వల బుట్ట పెట్టి, సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 పాళ్ళలో కలిపిన కాంక్రీటు పోయండి. నీళ్ళు ఎక్కువ పోసి జారుడుగా కలపనివ్వకండి.

కాంక్రీటు తడిగా ఉండగానే ఫౌండేషన్ బోల్టులు దించాలి, కింది కొస వంపు తిరిగినవి, మరలు ఉన్న కొస మూడంగుళాలు పైకి ఉండేలా. మేస్త్రీలు కంటి అంచనాతో గుచ్చేస్తారు. తెల్లారేసరికి బోల్టు ఒకటి వాలి ఉంటుంది, ప్లేటు దిగదు. అప్పుడు ప్లేటు బెజ్జాన్ని గ్యాసుతో పెద్దది చేస్తారు, కాలు ఒదులవుతుంది. అందుకని కాలి ప్లేటునే అచ్చుగా వాడండి. నాలుగు బోల్టుల్నీ ప్లేటు బెజ్జాల్లోంచి దూర్చి, పైనా కిందా నట్లు బిగించి, ప్లేటుతో సహా కాంక్రీటు మీద పెట్టండి. మరలకు పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టండి, సిమెంటు పట్టదు. ప్లేటు మీద రసమట్టం పెట్టి రెండు దిక్కులా చూడండి. అరగంట తర్వాత మళ్ళీ చూడండి, కాంక్రీటు దిగేటప్పుడు ప్లేటు ఒక పక్కకు ఒరుగుతుంది.

డాబా వాలుగా ఉంటుంది కాబట్టి నాలుగు దిమ్మెలూ ఒకే ఎత్తు పోస్తే పందిరి వంకర వస్తుంది. పన్నెండడుగుల్లో ఒకటిన్నర అంగుళం తేడా మామూలు. నీళ్ళు నింపిన లెవెలు పైపుతో నాలుగు దిమ్మెల తలలూ ఒకే మట్టానికి తెచ్చి, పల్లపు పక్క దిమ్మె ఆ మేరకు ఎత్తు పెంచండి. మూలలు 3-4-5 కొలతతో సరిచూడండి, మూల నుంచి ఒక పక్క మూడడుగులు, రెండో పక్క నాలుగడుగులు గుర్తుపెడితే ఆ రెండు గుర్తుల మధ్య అయిదడుగులు రావాలి.

తర్వాత పది రోజులు తడపాలి. ఇప్పుడు దొరికే సిమెంటులో ఎక్కువ భాగం బూడిద కలిసినదే, దానికి వారం చాలదు. గోనె సంచి కప్పి రోజూ మూడుసార్లు తడపండి. పది రోజులు ఆగలేక మూడో రోజే కాళ్ళు ఎక్కించమనేవాళ్ళు ఉంటారు. ఎక్కించకండి. చివరగా దిమ్మె అడుగు చుట్టూ సిమెంటును గుండ్రని వాలుగా పట్టించి, పైన వాటర్‌ప్రూఫింగు పూత రెండుసార్లు వేయండి. నీళ్ళు అక్కడ నిలవకూడదు.

నిలబెట్టడం

ఇది ఒక్క పూట పని. కాళ్ళు బిగించి, తూకపు గుండుతో నిలువు చూసి, దూలాలు వెల్డు చేయించండి. ప్రతి కాలి దగ్గరా రెండడుగుల ఏటవాలు దన్ను రెండు దిక్కులా పెట్టండి. అది లేకపోతే మనిషి చెయ్యి వేసినా ఊగుతుంది. కాలి పైపు తల మూసేయాలి, అడుగున చిన్న బెజ్జం వదలాలి. లేకపోతే లోపల చేరిన నీళ్ళు లోపల్నుంచే తినేస్తాయి.

వాసాలు ఏ దిక్కుకు

యూరపు, అమెరికా పుస్తకాలు చూసి చాలామంది వాసాలు తూర్పు పడమరలుగా వేయిస్తున్నారు. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు, వాళ్ళకది సరి. మనకు హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా మే మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ నడుమ రోజుల్లో కాస్త ఉత్తరానే ఉంటాడు. మనల్ని బాధపెట్టేది పడమటి ఎండ. కాబట్టి వాసాలు ఉత్తర దక్షిణాలుగా, మూడంగుళాల పక్క నిలువుగా ఉండేలా వేయాలి. నాలుగంగుళాల సందు వదిలితే వేసవిలో దాదాపు నాలుగింటికి పైనుంచి ఎండ పూర్తిగా ఆగిపోతుంది. నేల మీద చారలు సన్నబడుతూ సన్నబడుతూ మాయమవడం కూర్చుని చూడొచ్చు. వాసం పడుకోబెట్టి వేస్తే ఇనుము అంతే అవుతుంది, ఈ నీడ రాదు.

అయిదు తర్వాత ఎండ పక్కనుంచి వస్తుంది. దానికి పడమటి వైపు తీగ ఎక్కించిన తడకే మందు.

రంగు

జీఐ మీద నేరుగా ఎనామిలు పూస్తే ఏడాదిలో పొరలుగా లేస్తుంది. జీఐకి పనికొచ్చే ప్రైమరు అడిగి తీసుకోండి. వెల్డు చేసిన ప్రతి చోటా జింకు కాలిపోయి ఉంటుంది, అక్కడ ముందు బాగా రుద్ది జింకు ప్రైమరు వేయాలి. పందిరికి తుప్పు మొదలయ్యేది ఆ అతుకుల దగ్గరే. లేత రంగు వేయండి, నల్లది మేలో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది.

తీగ

కూరకు దొండ, కంటికి రాధామనోహరం. దొండ ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి కాస్తుంది. రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చి, తెల్లారి గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ ఉంటాయి, వాసన మెట్ల దాకా దిగుతుంది. కాగితపు పూలు వద్దు, ముళ్ళు గుచ్చుకుంటాయి. వేసవిలో లేత నులితీగలు ఇనుము వేడికి మాడతాయి కాబట్టి కాళ్ళకూ దూలాలకూ కొబ్బరి తాడు చుట్టండి, తీగ దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. కుండీ కూడా బీము మీదే ఉంచండి, తడి మట్టి బరువు తక్కువేమీ కాదు.

తీగ దట్టంగా కమ్మితే అది కూడా గాలికి షీటులాగే అవుతుంది. తుఫాను హెచ్చరిక వస్తే సగానికి సగం కత్తిరించేయండి, నెలలో మళ్ళీ వస్తుంది. గ్రీన్ నెట్టు కట్టి ఉంటే ముందు అది విప్పండి. ఏటా జూన్ మొదటి వారంలో పానా పట్టుకుని పదహారు నట్లూ ఒకసారి బిగించి, దిమ్మెల అడుగున పూత ఎక్కడైనా విచ్చిందేమో వేలు పెట్టి తడిమి చూడండి.