గాలి, పెట్రోలు పాళ్లు – మూడో పాఠం: సెన్సర్‌కు చోటు

గత పాఠంలో గాలి, పెట్రోలు పాళ్లు చూపే గేజిని, పొగలో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్‌ను, వైర్లను విప్పి బల్ల మీద పరిచాం. ఈసారి బండి కిందికి దూరాలి. మన ప్రయోగం కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) ఉన్న పాత మారుతి 800 మీదే. అనంతపురం ఎండల్లో ఈ పని ఉదయం పది లోపు ముగించుకోండి. ఆ తర్వాత పానా పట్టుకుంటే చేయి చురుక్కుమంటుంది.

మూడు సిలిండర్ల పొగ ఒకే పైపులో కలిసిన తర్వాత, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే డబ్బా) ఉంటే దానికి ముందు, సెన్సర్ రావాలి. పైపును గడియారం ముఖం అనుకోండి. పది అంకెకూ రెండు అంకెకూ మధ్యనే రంధ్రం వేయించాలి. చల్లటి ఇంజను స్టార్ట్ చేయగానే సైలెన్సర్‌లో నీరు చేరుతుంది. సెన్సర్ పడుకుని ఉంటే ఆ నీటిబొట్టు లోపలి వేడి పింగాణీ మీద పడి దాన్ని పగలగొడుతుంది.

మరలున్న ఇనుప బుష్‌ను పైపుకు వెల్డింగ్ చేయించాలి. మర కొలత 18 మిల్లీమీటర్లు, పిచ్ (మర గాళ్ల మధ్య దూరం) 1.5 మిల్లీమీటర్లు. ముందుగా బ్యాటరీ వైరు తీసేయండి. వెల్డింగ్ పూర్తయి పైపు చల్లారేదాకా సెన్సర్ డబ్బాలోనే ఉండాలి. సిలికాన్ గమ్ము దాని దరిదాపులకు రాకూడదు, ఆ ఆవిరికే సెన్సర్ పాడవుతుంది.

వైరింగ్ తేలికే. కరెంటు ఇగ్నిషన్ తాళం తిప్పితేనే వచ్చే చోటి నుంచి, విడి ఫ్యూజుతో తీసుకోండి. ఎర్త్ కోసం బాడీ మీద రంగు గీకి, మెరిసే ఇనుముకు బిగించండి. సెన్సర్ వైరు పొడవెక్కువైందని కత్తిరించవద్దు. చాలా సెన్సర్లలో దాని కొలతను సరిచేసే రెసిస్టర్ ఆ కనెక్టర్‌లోనే ఉంటుంది. మిగిలిన వైరును చుట్టి కట్టేయండి. సెన్సర్‌కు కరెంటు ఇవ్వకుండా ఇంజను నడిపితే మసి పట్టి చెడిపోతుంది.

నేను మొదటిసారి బిగించినప్పుడు గేజి 17 చూపించింది, అంటే ఒక పాలు పెట్రోలుకు 17 పాళ్ల గాలి. పెట్రోలు చాలడం లేదనుకుని కార్బురేటర్‌లో పెద్ద జెట్ (పెట్రోలు వచ్చే రంధ్రం ఉన్న చిన్న మర) వేశాను. పొగ నల్లబడింది, మైలేజీ పడిపోయింది, గేజి మాత్రం గాలే ఎక్కువంది. వారం తర్వాత, చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన వెంటనే మానిఫోల్డ్ (ఇంజను నుంచి పొగను పైపులోకి చేర్చే భాగం) గాస్కెట్ చుట్టూ సబ్బునీళ్లు చల్లితే ఒక మూల బుడగలు లేచాయి. పొగ దెబ్బదెబ్బకూ మధ్య ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటోంది. సెన్సర్ కొలిచింది ఆ గాలినే! అందుకే గేజిని నమ్మే ముందు సబ్బునీళ్ల పరీక్ష తప్పదు.

ఇంకో మెలిక. శుద్ధ పెట్రోలుకు సరైన గాలి నిష్పత్తి 14.7. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అది సుమారు 13.5. అయినా గేజిలో చూడాల్సింది 14.7నే. సెన్సర్ కొలిచేది పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను. గేజి దాన్ని పెట్రోలు లెక్కలోకి మార్చి చూపుతుంది.

ఇక 44వ జాతీయ రహదారి మీద గుత్తి దాకా వెళ్లి రండి. నిలకడగా నడిపేటప్పుడు, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కనిపించే అంకెలు విడివిడిగా రాసుకోవాలి. రాసే పని పక్క సీట్లోని మనిషిది, మీ చూపు రోడ్డు మీదే. ఆ కాగితం దాచండి, నాలుగో పాఠంలో జెట్లు మార్చేది దాన్ని చూసే.