మోడల్‌కు అన్ని మార్కులు ఎలా వచ్చాయో వెతికితే

మందు పడితే ఒక్కో కణంలో జన్యువులు ఎలా స్పందిస్తాయో ముందే చెప్పే మోడల్ కోసం సైప్లెక్స్ డేటా తీసుకున్నాను. 2020లో వచ్చిన ఈ డేటాలో ఎ549, కె562, ఎంసీఎఫ్7 అనే మూడు క్యాన్సర్ సెల్ లైన్ల (ల్యాబ్‌లో పెంచే కణాల రకాల) మీద 188 మందులను, ఒక్కోదాన్ని నాలుగు మోతాదుల్లో పరీక్షించారు.

మోడల్ అంచనా అసలు విలువలకు ఎంత దగ్గరగా ఉందో చెప్పే ఆర్-స్క్వేర్ స్కోరు మొదటి రోజే 1కి, అంటే పూర్తి మార్కులకు, దగ్గరగా వచ్చింది. సంతోషం కంటే టెన్షనే ఎక్కువైంది. మోడల్‌ను పక్కన పెట్టి, మందు వేయని కణాల సగటునే జవాబుగా ఇచ్చి చూశాను. దానికీ దాదాపు అంతే స్కోరు! చాలా మందులకు వేల జన్యువుల్లో చురుకుదనం మారేవి కొన్నే. మిగతావి ఉన్నచోటే ఉంటాయి కాబట్టి ఏమీ నేర్చుకోకపోయినా మార్కులు పడతాయి.

ఇంకో తప్పు నేనే చేశాను. అన్ని కణాల డేటాను కలిపేసి, మందులను చూడకుండా శిక్షణకు కొంత, పరీక్షకు కొంత అని విడదీయడంతో ఒకే మందు పడిన కణాలు శిక్షణలోనూ పరీక్షలోనూ ఉండిపోయాయి.

ఈసారి కొన్ని మందులను పూర్తిగా దాచిపెట్టి, వాటి రసాయన నిర్మాణం మాత్రమే మోడల్‌కు ఇచ్చాను. నిజంగా మారిన జన్యువుల్లో మార్పు ఎంత అన్నదాని మీదే స్కోరు కట్టాను. స్కోరు బాగా పడిపోయింది, కానీ ఇప్పుడు దాన్ని నమ్ముతున్నాను. హెచ్‌డ్యాక్ నిరోధకాల్లాంటి (హెచ్‌డ్యాక్ అనే ఎంజైములను అడ్డుకునే మందులు) గట్టి మందుల దగ్గర మోడల్ మందు వేయని కణాల సగటుకు వచ్చే స్కోరును స్పష్టంగా దాటింది. అదే తరగతి మందులు శిక్షణలో ఉండటం కలిసొచ్చింది. ప్రభావం తక్కువున్న మందుల దగ్గర ఇంకా తడబడుతోంది.