విమాన టికెట్ తేదీ మార్చుకోవడం ఎలా? రుసుము, ధర తేడా, ఫ్లెక్సీ టికెట్ల లెక్క

ప్రయాణం తేదీ మార్చాల్సి వచ్చినప్పుడు చాలామంది మొదట అడిగేది ‘ఛేంజ్ ఫీజు ఎంత?’ అని. జేబుకు పెద్ద చిల్లు పెట్టేది మాత్రం పాత టికెట్ ధరకూ కొత్త తేదీన అమ్ముడవుతున్న ధరకూ మధ్య ఉండే తేడా. సంక్రాంతి ముందు వారంలో హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికో రాజమహేంద్రవరానికో ప్రయాణాన్ని ఒక్క రోజు జరుపుకున్నా ఆ తేడా రుసుమును మించిపోవచ్చు. కాబట్టి ఈ లెక్కను టికెట్ కొనే రోజునుంచే వేసుకోవడం మంచిది.

మొదట టికెట్ ధరను విడదీసి చూడండి

బుకింగ్ పూర్తయ్యాక వచ్చే ఈమెయిల్‌లో మొత్తం ధర భాగాలుగా ఉంటుంది. ప్రాథమిక ఛార్జీ, ఇంధన సర్‌చార్జి విమాన సంస్థకు చెందుతాయి. విమానాశ్రయ వినియోగదారుల అభివృద్ధి రుసుము, భద్రతా రుసుము, పన్నులు సంస్థ మీ దగ్గర వసూలు చేసి ఇతరులకు చెల్లించేవి. ఈ విభజన ఎందుకు ముఖ్యమంటే, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2016లో సవరించిన నిబంధనల ప్రకారం రద్దు రుసుము ఎట్టి పరిస్థితిలోనూ ప్రాథమిక ఛార్జీ, ఇంధన సర్‌చార్జిల మొత్తాన్ని మించకూడదు. ‘నాన్ రిఫండబుల్’ అని రాసి ఉన్న ఆఫర్ టికెట్‌కైనా, అసలు విమానమే ఎక్కకపోయినా, చట్టబద్ధమైన పన్నులూ విమానాశ్రయ రుసుములూ తిరిగి ఇవ్వాలి. ఈ హక్కు సంగతి తెలియక చాలా కుటుంబాలు ఆ డబ్బును అడగకుండానే వదిలేస్తున్నాయి. మధ్యవర్తి యాప్‌లు తీసుకునే కన్వీనియన్స్ ఫీజు మాత్రం సాధారణంగా తిరిగి రాదు.

టికెట్ రకం ఏదో చూడండి

ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరి టికెట్లకు వేర్వేరు షరతులు ఉండవచ్చు. ఇండిగోలో సేవర్, ఫ్లెక్సీ ప్లస్ అనీ, ఎయిర్ ఇండియాలో వాల్యూ, క్లాసిక్, ఫ్లెక్స్ అనీ కనిపించే పేర్లు ఈ షరతుల తేడానే సూచిస్తాయి. డబ్బు కట్టే ముందు తెరమీద ‘ఫేర్ రూల్స్’ అన్న లింకును తెరచి, మార్పు రుసుము ఎంత, ప్రయాణానికి ఎన్ని రోజుల ముందు అది పెరుగుతుంది, ఆ రుసుము ఒక్కొక్కరికా, ఒక్కొక్క ప్రయాణ భాగానికా అన్నవి చూడాలి. నలుగురు రానుపోను టికెట్లు కొన్నప్పుడు ఈ చివరి అంశమే మొత్తాన్ని ఎనిమిది రెట్లు చేయగలదు. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, తరువాత వాదన వస్తే అదే ఆధారం. ఏజెంట్లు అమ్మే గ్రూప్ టికెట్లు చవకగా ఉంటాయి కానీ, వాటిలో చాలావాటికి తేదీ మార్పు ఉండదు.

కొన్న తరువాత వచ్చే ఉచిత గడువు

2019లో కేంద్రం ప్రకటించిన ప్రయాణికుల హక్కుల పత్రం, ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు కొన్న టికెట్‌ను 24 గంటల్లోగా రుసుము లేకుండా రద్దు చేసుకునే, మార్చుకునే వీలు కల్పించింది. దీన్ని 48 గంటలకు పెంచాలన్న ముసాయిదాను డీజీసీఏ 2025 నవంబరులో వెలువరించింది, కనుక కొనే రోజున అమలులో ఉన్న గడువు ఎంతో విమాన సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. పేరులో అక్షర దోషాలు, తప్పు తేదీలు ఈ గడువులోనే సరిచేసుకోవాలి. అందుకే టికెట్ చేతికి రాగానే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఒక్కొక్క అక్షరం సరిచూడమని గట్టిగా చెబుతాను. రుసుము లేకపోయినా, మార్చుకున్న విమానం ధర ఎక్కువైతే ఆ తేడా కట్టక తప్పదు.

మార్చాలా, రద్దు చేసి కొత్తది కొనాలా?

రెండు లెక్కలనూ కాగితం మీద పక్కపక్కన వేయాలి. ఉదాహరణకు మీ ఢిల్లీ టికెట్ 6,000 రూపాయలు, అందులో పన్నులూ విమానాశ్రయ రుసుములూ 1,100, మార్పు రుసుము 3,000, రద్దు రుసుము 4,500 అనుకుందాం. అదే విమానం కొత్త తేదీన 7,500 ఉంటే, మార్పుకు 3,000, ధర తేడాకు 1,500 కలిపి 4,500 కట్టాలి. రద్దు చేస్తే తిరిగి వచ్చేది 1,500, కొత్త టికెట్‌కు 7,500, అంటే నికరంగా 6,000 ఖర్చు. ఇక్కడ మార్చుకోవడమే మేలు. అయితే ఆ రోజున మరో సంస్థ విమానం 5,000కే దొరుకుతుంటే, రద్దు చేసి దాన్ని కొంటే 3,500తో పోతుంది. తేదీ మార్పు మిమ్మల్ని అదే సంస్థకు కట్టిపడేస్తుందన్నది మరచిపోకూడదు. కొత్త ధర పాతదానికన్నా తక్కువైనప్పుడు కూడా, చవక రకం టికెట్లలో మిగిలిన తేడాను చాలా సంస్థలు వెనక్కి ఇవ్వవు. మధ్యవర్తి దగ్గర కొన్నదైతే ఆయన సేవా రుసుమును కూడా కలపాలి.

ఫ్లెక్సీకి అదనంగా ఎప్పుడు కట్టాలి?

ఫ్లెక్సీ టికెట్ సాధారణంగా మార్పు రుసుమును తగ్గిస్తుంది లేదా మాఫీ చేస్తుంది, ధర తేడాను మాత్రం తొలగించదు. అదనంగా 900 రూపాయలు కట్టి 3,000 రుసుమును తప్పించుకునేటట్లయితే, తేదీ మారే అవకాశం పదింట మూడు వంతులకు మించినప్పుడే అది గిట్టుబాటు. పెళ్లికో పరీక్షకో వెళ్లే ప్రయాణానికి అది అనవసరం. వీసా ఇంకా చేతికి రాని తల్లిదండ్రులు కూతురి కాన్పుకని అమెరికా వెళ్లే ప్రయాణానికి మాత్రం నా అభిప్రాయంలో తప్పక తీసుకోవాలి. 2020లో యునైటెడ్, డెల్టా, అమెరికన్ సంస్థలు చాలా రకాల టికెట్లపై మార్పు రుసుమును ఎత్తివేశాయి కానీ, అన్నిటికన్నా చవకైన బేసిక్ ఎకానమీని ఆ మార్పునుంచి మినహాయించాయి. అక్కడి పిల్లలు తక్కువ ధర చూసి తొందరపడి కొనేది తరచుగా ఆ రకమే.

రుసుము కట్టే ముందు

సంస్థే మీ విమానాన్ని రద్దు చేసిందేమో, సమయం మార్చిందేమో ముందుగా చూడండి. దేశీయ విమానం రద్దయినా, 6 గంటలకు మించి ఆలస్యమవుతుందని తేలినా, మరో విమానమో పూర్తి వాపసో కోరే హక్కు మీకు ఉంది. అటువంటప్పుడు తొందరపడి మీరే యాప్‌లో రద్దు నొక్కితే అది మీ ఇష్టంతో చేసుకున్న రద్దు కింద నమోదై, రుసుము కోత పడవచ్చు.

వెళ్లలేమని తేలితే విమానం బయలుదేరే దాకా ఆగకుండా సంస్థ పెట్టిన గడువులోపలే మార్చాలి లేదా రద్దు చేయాలి. రానుపోను ఒకే పీఎన్‌ఆర్‌లో ఉన్న అంతర్జాతీయ టికెట్‌లో మొదటి ప్రయాణానికి నో షో అయితే, అంటే రద్దు చేయకుండా విమానం ఎక్కకపోతే, తిరుగు ప్రయాణం కూడా సాధారణంగా రద్దవుతుంది.

నేరుగా సంస్థ దగ్గర క్రెడిట్ కార్డుతో కొన్న టికెట్ సొమ్ము 7 రోజుల్లో వాపసు రావాలి. దాన్ని క్రెడిట్ షెల్‌గా, అంటే తరువాతి టికెట్‌కు వాడుకునేలా సంస్థ దగ్గరే జమగా, ఉంచాలా వద్దా అన్నది మీ ఇష్టం, సంస్థ తనంతట తాను అలా చేయకూడదు. డబ్బు రాకపోతే ముందు సంస్థకు ఈమెయిల్‌లో ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు సంఖ్యతో పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవ యాప్‌లో నమోదు చేయండి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఫోన్ నంబరు 1915.